పచ్చ బల్లికి ముద్ద దిగేదాకా

తెలుగువారి ఇంట్లో బల్లికి చోటుంది కానీ భోజనం లేదు. పంచాంగంలో దాని కోసం ప్రత్యేకంగా ఒక పేజీ ఉంటుంది. తల మీద పడితే ఒక ఫలం, భుజం మీద పడితే ఇంకో ఫలం. మాట మధ్యలో అది టిక్కుటిక్కుమంటే 'చూశావా, సత్యం పలికింది' అని పెద్దవాళ్లు చిటిక వేస్తారు. కంచి వెళ్లినవారు వరదరాజస్వామి ఆలయంలో బంగారు బల్లిని తాకందే తిరిగి రారు. ఇంత మర్యాద చేసినా, ఆ గోడ మీది ప్రాణి పొద్దున్నుంచీ ఏం తిన్నదని అడిగేవారుండరు. ట్యూబులైటు వెలుగుతోంది, పురుగులు వస్తున్నాయి, దాని తిప్పలు అదే పడుతుందని ధీమా.

అండమాన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఆ ధీమా అంత తేలిగ్గా కుదరదు. అక్కడ గోడ మీద రాత్రిపూట తిరిగే మామూలు బల్లితోపాటు పగలు తిరిగేది ఇంకొకటి ఉంది. లేత అరిటాకు రంగు ఒళ్లు, వీపు మీద కుంకుమ చుక్కలు, మగదైతే నీలం తిరిగిన తోక. తోకతో కలిపి బెత్తెడుకు కాస్త ఎక్కువ. తెల్లవారి నాలుగున్నర, అయిదింటికే వెలుగు వచ్చే ద్వీపాల్లో అది కూడా అప్పుడే నిద్ర లేస్తుంది. కొబ్బరి చెట్టు మీంచి వంటింటి కిటికీకి, కిటికీ మీంచి గట్టు మీదికి దిగి, పంచదార డబ్బా మూత చుట్టూ నాలుకతో నాకుతుంది. చూసే కన్ను ఉంటే వంటింట్లో పచ్చ కడితే ఎంత అందమో అంత అందం. చూసే కన్ను లేకపోతే చీపురు దెబ్బ.

శాస్త్రజ్ఞులు దీన్ని ఫెల్సుమా అండమానెన్సిస్ అంటారు. 1861లో ఎడ్వర్డ్ బ్లైత్ అనే జంతు శాస్త్రజ్ఞుడు దీనికి ఆ పేరు పెట్టాడు. మొదటి మాట మర్క్ వాన్ ఫెల్సుమ్ అనే డచ్చి వైద్యుడి పేరు నుంచి వచ్చింది. విచిత్రమేమిటంటే ఈ బల్లి బంధువులెవరూ భారతదేశంలో లేరు. వాళ్లంతా మడగాస్కర్, మారిషస్, సీషెల్స్, కొమొరోస్ దీవుల్లోనూ, ఆఫ్రికా తూర్పు తీరంలోనూ ఉన్నారు. మడగాస్కర్‌కూ అండమాన్‌కూ మధ్య సుమారు 6 వేల కిలోమీటర్ల సముద్రం. ఇంత దూరం దాటి వచ్చి ఈ దీవుల్లో మాత్రమే మిగిలిన ఒంటరి శాఖ ఇది. ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా లేదు.

సముద్రం దాటి వచ్చిన కథ అక్కడి తెలుగువాళ్లకు కొత్తది కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం 3.8 లక్షల జనాభాలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఎక్కువమంది పూర్వీకులు శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి చేపల వేటకో, కూలికో, సర్కారు కొలువుకో ఓడెక్కినవారే. జంగ్లీఘాట్ రేవులో పడవల మధ్య నడిస్తే భీమిలిలో నడిచినట్టే ఉంటుంది.

ఆ పేట ఎగువ వీధిలో ఉంటారు ఒక మామ్మగారు. సోంపేట దగ్గరి పల్లె నుంచి 1981లో కొత్త కోడలిగా వచ్చారు. విశాఖలో ఓడెక్కి మూడో రోజున దిగినప్పుడు ఆమె చేతిలో రేకు పెట్టె, ఒళ్లో ఆవకాయ జాడీ. భర్త హార్బరులో పనిచేసి రిటైరై పోయారు. కొడుకు, కోడలు, పదేళ్ల మనవడు ఉన్న ఇల్లు. 2023 జూన్‌లో, అప్పటికింకా ఆ ఊరి పేరు పోర్ట్ బ్లెయిరే, మనవడు బడి నుంచి వచ్చేసరికి పిల్లి నోట్లో పచ్చ బల్లి పిల్ల కనిపించింది. చూపుడు వేలంత కూడా లేదు. పిల్లిని తరిమేసరికి తోక తెగి నేల మీద గిలగిలలాడుతోంది, బల్లి మెట్ల మూల ముడుచుకుంది. వాడు దాన్ని బిస్కట్ల ప్లాస్టిక్ డబ్బాలో వేశాడు. మూతకు మేకుతో చిల్లులు పొడిచాడు. అద్దాల కిటికీ పక్కన పెట్టాడు.

ఇల్లు రెండుగా చీలింది. బల్లిని ఇంట్లో పెంచడమేమిటని కోడలు. రెండు రోజుల్లో చస్తుంది, అప్పుడు ఏడుస్తావని కొడుకు. 'చావని, బతకని, ప్రాణి ఆకలితో ఉండకూడదు' అని మామ్మగారు. ఆవిడే ఒక అరటిపండు ముక్క నలిపి అగ్గిపుల్ల చివర అంటించి డబ్బాలోకి చాపారు. బల్లి పిల్ల కదల్లేదు. కాసేపటికి గులాబీ రంగు నాలుక బయటికి వచ్చింది. ఒకసారి, రెండుసార్లు, ఆపైన ఆగలేదు. మనవడికి పండుగే.

కష్టం అక్కడే మొదలైంది. అది అరటిపండు తప్ప ఇంకేదీ ముట్టలేదు. బొప్పాయి పెడితే తల తిప్పుకుంది. మామిడి రసానికీ అంతే. వాడు ఈగను పట్టుకొచ్చి వేస్తే వెనక్కి జరిగింది. చిన్న మిడత వేస్తే మిడతే దాని మీద నుంచి నడిచి వెళ్లింది. అరటిపండులోనూ కోమటి పీచు లాంటి తేడాలు చూసింది. పచ్చిదైతే వద్దు, బాగా మగ్గి తియ్యగా ఉన్నదే కావాలి. 'ఏటిరా ఇది, మీ తాతలాగ వంక పెడతాది?' అని మామ్మగారు నవ్వారు. నవ్వుతూనే రోజూ పండు పెట్టారు. జూన్ పోయి జూలై వెళ్లింది. ఆగస్టు వచ్చింది.

ఆగస్టులో ఒక ఉదయం అది డబ్బా గోడ ఎక్కబోయి జారిపడింది. మళ్లీ ఎక్కబోయి మళ్లీ పడింది. పచ్చ రంగు బూడిద కలిసినట్టుగా మాసింది. వెనక కాలు ఒకటి వంకర తిరిగింది. కాలి వేళ్లు ఉండుండి వణికాయి. అరటిపండు పెడితే నాలుక చాపింది గానీ దవడ సరిగ్గా మూతపడలేదు. కొడుకు అగరొత్తి పుల్లతో నోరు తెరిచి కాస్త పాలు పోద్దామన్నాడు. మనవడు డబ్బా గుండెలకు హత్తుకుని వీధి చివర ఉండే సైన్సు టీచరుగారి ఇంటికి పరుగెత్తాడు.

టీచరుగారు డబ్బాలోకి చూసి మొదట అడిగిన మాట, 'నోట్లో పుల్ల పెట్టలేదు కదా?' పెట్టలేదన్నాక ఊపిరి పీల్చుకున్నారు. దాని దవడ ఎముక మెత్తబడిపోయింది, పుల్ల పెడితే విరిగేదని చెప్పారు. ఆ తర్వాత మామ్మగారి వంటింట్లో కూర్చుని మొత్తం విప్పి చెప్పారు.

జబ్బు ఆకలి వల్ల వచ్చింది కాదు. కడుపు నిండుతూనే ఎముకలు ఖాళీ అయ్యాయి. 100 గ్రాముల అరటిపండులో కాల్షియం 5 మిల్లీగ్రాములకు అటూ ఇటూ ఉంటే ఫాస్ఫరస్ 20 మిల్లీగ్రాములకు పైనే. తిండిలో ఫాస్ఫరస్ ఎక్కువై కాల్షియం చాలకపోతే, రక్తంలో లోటు పూడ్చడానికి శరీరం తన ఎముకల నుంచే కాల్షియం తోడుకుంటుంది. ఎదిగే పిల్లకు అది రెట్టింపు నష్టం. పైగా తిన్న కాల్షియం ఒంటికి పట్టాలంటే డి విటమిన్ కావాలి. అది తయారు కావాలంటే ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఒంటిని తాకాలి. అద్దం వెలుతురును రానిస్తుంది గానీ ఆ కిరణాలను ఆపేస్తుంది. అంటే రెండు నెలలు కిటికీ పక్కన ఉన్నా బల్లి పిల్ల ఎండ చూసినట్టు కాదు. పురుగులు తినకపోవడంతో మాంసకృత్తులూ లేవు. తెగిన తోక మళ్లీ మొలవాల్సింది, మొటిమంత దగ్గరే ఆగిపోయింది.

'అయితే తప్పు పండుదా?' అని మనవడు అడిగాడు. పండు మంచిదే, పండు ఒక్కటే కావడం మంచిది కాదన్నారామె. అడవిలో ఇదే జాతి బల్లి పూలలో తేనె నాకుతుంది, పుప్పొడి తింటుంది, పగిలిన పండ్ల రసం తాగుతుంది, చీమ నుంచి చిమ్మట వరకు నోట పట్టే పురుగులన్నీ తింటుంది. మారిషస్‌లో దీని బంధువైన నీలి తోక బల్లి తేనె కోసం పూల మీద వాలి, తలకంటిన పుప్పొడిని ఇంకో పువ్వుకు చేరవేస్తుంది. రూసియా అనే తీగకు అక్కడ ఆ బల్లే పరాగ సంపర్కం చేస్తుందని పరిశోధకులు గుర్తించారు. మడగాస్కర్‌లో ఈ కుటుంబానికి చెందిన బల్లులు చెట్ల రసం పీల్చే పురుగుల దగ్గర నిలబడి, అవి వదిలే తియ్యటి బొట్లు తాగుతాయి. ఆడ పచ్చ బల్లి గుడ్లు పెట్టే ముందు మెడకు రెండు పక్కలా తెల్లటి ఉబ్బులు కనిపిస్తాయి. గుడ్డు పెంకు కోసం అది దాచుకున్న కాల్షియం అది. ఇన్ని రకాలుగా ఏరుకుని తినే ప్రాణి డబ్బాలో పడగానే ఒక్క రుచికి అతుక్కుపోయింది.

అలా అతుక్కుపోవడం ఈ బల్లి ఒక్కదాని గుణం కాదు. అమెరికా, యూరప్‌లలో బల్లుల్ని పెంచుకునేవారికి ఇది పాత తలనొప్పి. చిరుత బల్లి అని పిలిచే రకానికి కొవ్వు పట్టిన మైనపు పురుగులు నాలుగు రోజులు వరసగా పెడితే, ఆపైన మిగతా పురుగుల్ని కన్నెత్తి చూడదు. అంతరించిపోయిందనుకుని 1994లో మళ్లీ కనుగొన్న న్యూ కలెడోనియా కిరీటపు బల్లి ఇప్పుడు లక్షలాది ఇళ్లలో ఉందంటే, పండు, మాంసకృత్తులు, ఖనిజాలు కలిపిన పొడి ఆహారం డబ్బాల్లో దొరకడం అందుకు ఒక కారణం. ఆ పొడిలోనూ ఒక కంపెనీది మానేసి ఇంకో కంపెనీది పెడితే నిరాహార దీక్షకు దిగే బల్లులున్నాయని యజమానులు వాపోతుంటారు.

మామ్మగారి ఇంట్లో ఆ పొడీ లేదు, తెప్పించే దారీ లేదు. ఇంకో విషయం కూడా టీచరుగారు దాచకుండా చెప్పారు. ఫెల్సుమా బల్లులన్నీ అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో జాబితాలో ఉన్నాయి. మన వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ ఆ జాబితాలను చట్టంలోకి తెచ్చింది, 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. కాబట్టి ఇది పెంపుడు జంతువు కాదు. కోలుకునేదాకా ఉంచడం వేరు, ఉంచుకోవడం వేరు. అటవీ శాఖ వారికి ముందు కబురు పెట్టాలన్నారు. కొడుకు వెళ్లి చెప్పివచ్చాడు. నిలబడి ఎక్కగలిగిన రోజున దొరికిన చోటే వదిలేయమని అక్కడివారు అన్నారు.

మనవడి ముఖం అప్పుడు మాడింది. దాన్ని బతికించమని పరుగెత్తుకెళ్లినవాడికి, బతికితే వదిలేయాలన్న సంగతి తెలిసింది. ఆ రాత్రి వాడు అన్నం తినలేదు. మామ్మగారు బతిమాలలేదు. కంచం మూత పెట్టి పక్కన కూర్చున్నారు. అప్పుడు తన కథ చెప్పారు.

1981లో ఓడ దిగిన నెల రోజులు ఆమె ఆవకాయ అన్నం తప్ప ఇంకేదీ తినలేదు. ఇక్కడి బియ్యం వాసన పడలేదు. కొబ్బరినూనెలో వేగే చేప వాసన వస్తే కడుపులో తిప్పేది. కూరగాయలు ఓడలో రావాలి, ఓడ ఆలస్యమైతే ఉల్లిపాయ కూడా కరువే. జాడీలో ఆవకాయ అడుగంటుతుంటే రోజూ గరిటెతో లోతు చూసుకునేవారట. భర్త కోప్పడ్డాడు, తినకపోతే ఊరు పంపేస్తానన్నాడు. అత్తగారు మాత్రం ఏమీ అనలేదు. పక్క వాటాలో ఉండే బెంగాలీ ఆవిడ దగ్గర పండుగప్ప ముక్క తెచ్చి, ఆవకాయ నూనెలోనే వేయించి, ఆ ఆవకాయ అన్నంలోనే ఒక మూల పెట్టింది. మొదటి రోజు పక్కకు నెట్టారు. రెండో రోజూ నెట్టారు. నాలుగో రోజు నూనె అంటిన అంచు కాస్త నోట్లో పెట్టుకున్నారు. 'జాడీ ఖాళీ అయ్యేసరికి నాకు చేప లేందే ముద్ద దిగేది కాదు' అంటారామె. 'మా అత్త తిను అనలేదు. అలవాటైన దాని పక్కన పెట్టింది, అంతే.'

టీచరుగారు చెప్పిన పద్ధతీ అదే. కాకపోతే దానికి ముందు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయన్నారు. తిండి మార్చే ముందు చోటు మార్చాలి. నలుగురూ తొంగిచూసే డబ్బాలో, దాక్కోవడానికి ఆకైనా లేని చోట ఏ బల్లీ ధైర్యంగా వేటాడదు. ఒంటికి వెచ్చదనం లేకపోతే తిన్నది అరగదు, అరగకపోతే ఆకలి వేయదు. కుబుసం విడిచే రోజుల్లో సహజంగానే తినదు. ఇవన్నీ చూసుకోకుండా మొండిదని ముద్ర వేయడం తగదు.

బిస్కట్ల డబ్బా పోయింది. పాత దోమతెర గుడ్డను చెక్క చట్రానికి బిగించి మూరెడు ఎత్తున పంజరం చేశారు. లోపల రెండు వెదురు ముక్కలు, క్రోటన్ కొమ్మ ఒకటి. ఉదయం ఆరింటి నుంచి గంటన్నర సేపు వరండా ఎండలో, సగం నీడ ఉండేలా పెట్టారు. మూసిన డబ్బాను ఎండలో పెడితే నిమిషాల్లో ఉడికిపోతుంది, గుడ్డ పంజరంలో గాలి ఆడుతుంది. గిన్నెలో నీళ్లు పెట్టడం మానేశారు. ఈ బల్లులు ఆకు మీది బొట్లను నాకి తాగుతాయి కాబట్టి రోజుకు రెండుసార్లు ఆకుల మీద నీళ్లు చిలకరించారు. చేత్తో పట్టుకోవడం పూర్తిగా నిషేధం. దాని చర్మం తడిసిన టిష్యూ కాగితమంత సున్నితం, గట్టిగా పట్టుకుంటే ఊడి చేతికి వస్తుంది.

కాల్షియం ఎక్కడి నుంచి తేవాలన్న ప్రశ్నకు జవాబు మామ్మగారి పోపుల పెట్టెలోనే దొరికింది. సముద్రపు నురుగు. ఒడ్డుకు కొట్టుకొచ్చే తెల్లటి తేలిక బిళ్లలు, కణవ చేప వీపులోని ఎముక. ఊళ్లో చిలకల పంజరాలకు కట్టేదీ ఇదే. ఉప్పు పోయేలా రెండు రోజులు నీళ్లు మార్చి నానబెట్టి, ఎండబెట్టి, నూరి, పలుచని గుడ్డలో జల్లించారు. అది దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే. పండు గుజ్జులో చిటికెడులో పావు వంతు కలిపారు.

ఇక గుజ్జు. మొదటి మూడు రోజులు అరటిపండే, పొడి మాత్రం కలిసింది. నాలుగో రోజు నుంచి మూడు వంతుల అరటిపండుకు ఒక వంతు బొప్పాయి. బొప్పాయిలో కాల్షియం అరటిపండులో కంటే నాలుగింతలు, ఫాస్ఫరస్ అందులో సగం. వారం తర్వాత సగం సగం. బొప్పాయి వాసన తగలగానే ఒక రోజంతా అలిగింది. గుజ్జు సాయంత్రం తీసేశారు, దాని బదులు అరటిపండు పెట్టలేదు. ఇక్కడే మనవడు తట్టుకోలేకపోయాడు. దొంగచాటుగా పండు ముక్క పట్టుకెళ్తుంటే మామ్మగారు చూశారు. తిట్టలేదు. 'నువ్వు పెడితే తింతాదిరా. రేపు కూడా నువ్వే పెట్టాలి, ఎల్లుండీ నువ్వే పెట్టాలి' అన్నారు. వాడు ముక్కను తనే తినేశాడు. మర్నాడు పొద్దున ఆకు మీది గుజ్జులో నాలుక గీతలున్నాయి.

పండ్ల వరకు దారి పడింది. పురుగుల దగ్గర మళ్లీ మొండికేసింది. నియమాలు తెలిశాయి. రెండు కళ్ల మధ్య ఉండే దూరం కంటే పురుగు పెద్దది కాకూడదు. బతికి కదులుతూ ఉండాలి, బల్లి కంటికి కదలనిది పురుగే కాదు. దోమల మందు కొట్టిన ఇంటి బొద్దింకలు వద్దు. మిణుగురులు అసలే వద్దు, కొన్ని రకాల మిణుగురుల్లోని విషం బల్లిని చంపుతుంది. తినకుండా మిగిలిన మిడతల్ని రాత్రి ఉంచకూడదు, అవి నిద్రపోయే బల్లిని కొరుకుతాయి. ఇన్ని తెలిసినా అది పట్టాలి కదా. మనవడు బొప్పాయి తొక్కను పంజరంలో ఒక మూల ముగ్గబెట్టాడు. సన్నటి పండు ఈగలు మూగాయి. బల్లి వాటిని చూసింది, తల వంచి మరీ చూసింది. నోరు తెరవలేదు. పదిహేను రోజులు చూస్తూనే ఉంది.

సెప్టెంబరు మూడో వారంలో ఒక సాయంత్రం వాన వెలిసింది. మట్టిలోంచి ఉసుళ్లు లేచి వీధి దీపాల చుట్టూ కమ్ముకున్నాయి. శ్రీకాకుళంలో అయితే బకెట్టులో నీళ్లు పెట్టి పట్టి, వేయించి, పిల్లలకు పెట్టేవారని మామ్మగారికి గుర్తొచ్చింది. తెల్లవారేసరికి వరండా అంతా రాలిన రెక్కలు. రెక్కలూడిన ఉసుళ్లు కొన్ని పంజరం గుడ్డ సందుల్లోంచి లోపలికి పాకాయి. మెత్తగా, నెమ్మదిగా, ఒకదాని వెనక ఒకటి వెదురు మీద నడుస్తున్నాయి. బల్లి వెదురు అంచు నుంచి కిందికి రెండడుగులు వేసింది. ఆగింది. తోక మొదలు ఒకసారి వణికింది. ఆపైన జరిగింది చూడటానికి రెప్పపాటు కాలం కూడా లేదు. మనవడు కేక పెట్టబోయి నోరు మూసుకున్నాడు. ఆ పూట అది ఏడింటిని తిన్నది. దవడ మూతపడుతోంది.

రుచి తెలిశాక మిగతావాటికి దారి తెరుచుకుంది. ఉసుళ్లు నాలుగు రోజుల్లో అయిపోయాయి. పండు ఈగలు, చిన్న సాలీళ్లు, చిమ్మటలు, లేత మిడతలు వరసగా వచ్చాయి. మిడతలో కాల్షియం కంటే ఫాస్ఫరస్ చాలా ఎక్కువ కాబట్టి వారానికి రెండుసార్లు వాటిని నురుగు పొడిలో దొర్లించి వదిలేవారు. ఒక రోజు పురుగు, ఒక రోజు పండు, ఒక రోజు మందార పువ్వు, మధ్యలో ఒక రోజు ఏమీ లేదు. ఖాళీ కడుపు కూడా తిండి పద్ధతిలో భాగమేనని టీచరుగారు చెప్పారు. రంగు తిరిగి వచ్చింది. తోక మొలిచింది, పాతదానంత అందంగా కాదు, కొంచెం మొద్దుగా, రంగు తక్కువగా. వంకర తిరిగిన వెనక కాలు మాత్రం పూర్తిగా సరి కాలేదు. మెత్తబడిన ఎముక ఏ వంకరలో ఉండగా గట్టిపడుతుందో ఆ వంకర మిగిలిపోతుంది. రెండు నెలల అరటిపండు దాని ఒంటి మీద రాసిన రాత అది.

అక్టోబరు నెలాఖరుకు అది దోమతెర నిలువునా ఎక్కి, తలకిందులుగా నడిచి, పంజరం కప్పు మీదున్న ఈగను పట్టింది. మనవడు సంబరంగా చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. అన్నీ తినడం వచ్చిన రోజే ఈ ఇంటితో దాని పని తీరిపోయిందని వాడికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. అగ్గిపుల్ల చివరి పండు కోసమే ఎదురుచూసినన్నాళ్లు అది వాడిది. తన తిండి తాను చూసుకోగలిగాక అది చెట్టుది.

ఆదివారం ఉదయం ఎండ ఎక్కాక పంజరాన్ని మెట్ల పక్కనున్న పోకచెట్టు మొదట్లో పెట్టి తలుపు తీశారు. పిల్లిని కోడలు వంటింట్లో వేసి గడియ పెట్టింది, బల్లి వద్దన్నది ఆవిడే. అరగంట వరకు అది బయటికి రాలేదు. తర్వాత తల పెట్టింది, కాండం మీదికి దూకింది, వంకర కాలు కాస్త ఈడ్చుకుంటూ పైకి పాకింది. మనిషి ఎత్తు దాటాక కాండం అవతలికి తిరిగింది. అంతే. వెనక్కి చూసిందని చెబితే బాగుంటుంది గానీ, చూడలేదు.

ఆ ఇంట్లో ఆ తర్వాత కొన్ని మార్పులు వచ్చాయి. వంటింటి గట్టు మీద పంచదార డబ్బాకు బిగువైన మూత వచ్చింది. తీపికి మరిగి లోపలికి వచ్చే పచ్చ బల్లులకు అది మేలని కాదు, పిల్లి కాళ్ల కిందికి రాకుండా. వరండాలో పురుగుల మందు కొట్టడం మానేశారు. పెరట్లో బొప్పాయి ఒకటి, మందారాలు రెండు అదనంగా వేశారు. రాలిన బొప్పాయి కాయను వెంటనే ఎత్తి పారేయొద్దని మామ్మగారి ఆజ్ఞ. ఈగలు ముసురుతాయని కోడలు విసుక్కుంటుంది. 'ముసరనీ, ఈగల్ని తినేవాళ్లున్నారు' అంటారామె.

2024 సెప్టెంబరులో ఊరి పేరు శ్రీ విజయపురం అయింది. మనవడు ఇప్పుడు హైస్కూల్లో ఉన్నాడు. పోకచెట్టు మీద అప్పుడప్పుడు పచ్చ బల్లులు కనిపిస్తాయి. నీలి తోకవి, చుక్కలు ఎక్కువున్నవి, తక్కువున్నవి. వాటిలో వంకర కాలుది ఉందా అని వాడు మొదట్లో రోజూ వెతికాడు. ఒకసారి ఉన్నట్టే అనిపించింది, ఎండ కళ్లలో పడి తేల్చుకోలేకపోయాడు. ఇప్పుడు వెతకడం మానేశాడు గానీ, ఏ బల్లి కనిపించినా నిలబడి అది ఏం తింటోందో చూస్తాడు. చూసి వచ్చి మామ్మతో చెబుతాడు. ఈ రోజు చీమలు, ఈ రోజు మందారం, ఈ రోజు పేరు తెలియని పురుగు. అలా రాసుకున్న పేర్లు వాడి లెక్కల నోటుబుక్కు వెనక పేజీలో ముప్పై దాటాయి.